పిలుపును పట్టుకోవాలా, దారిలో ఆగాలా?

యువజన కార్యదర్శి (చిత్తూరు):
అందరికీ వందనాలు. పోయిన సోమవారం మా సంఘంలో పిల్లలకు వేసవి బైబిలు తరగతులు మొదలుకావాలి. పాఠం చెప్పవలసిన తమ్ముడు రాలేదు. దారిలో బస్టాండు దగ్గర ఒక అవ్వ వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లాలని, తమిళ బోర్డులు చదవలేక నిలబడి ఉందట. చంకలో స్కానింగు కాగితాల కవరు, కొంగున ముడివేసిన డబ్బు. తోడుగా వేలూరు దాకా వెళ్లి, చీటీ రాయించి, సాయంత్రానికి తిరిగివచ్చాడు. ఇక్కడ నలభై మంది పిల్లలు చాపల మీద కూర్చుని, వచ్చిన రెండు పాటలే తిప్పితిప్పి పాడి వెళ్లిపోయారు. జాలిని తప్పుపట్టను. కానీ బైబిల్లో యెరూషలేము గోడ కడుతున్న నెహెమ్యా పని విడిచి దిగి రాలేనని కబురు పంపాడు కదా! అప్పగించిన పరిచర్యకు విలువ లేదా?

విశ్రాంత ఉపాధ్యాయుడు (పీలేరు):
బాబూ, నెహెమ్యా ఆ మాట ఎవరితో అన్నాడో చూడు. కీడు తలపెట్టి పిలిచిన సన్బల్లటు, గెషెములతో. దిక్కుతోచక నిలబడ్డ అవ్వను వాళ్ల సరసన కూర్చోబెట్టకు. దానికి ముందు అధ్యాయమే చదువు. పొలాలు తాకట్టుపడ్డాయని, బిడ్డలు దాస్యానికి పోతున్నారని పేదలు మొరపెట్టుకుంటే, అదే నెహెమ్యా పెద్దల్ని నిలదీసి వడ్డీ మాన్పించాడు.

అసలు అవ్వ వెళ్లిన ఆసుపత్రి ఎలా పుట్టింది? తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల కోసం అమెరికా మిషనరీ కూతురు ఐడా స్కడ్డర్‌ను పిలిచారు. ఆమె అప్పటికి డాక్టరు కాదు. డాక్టరైన తండ్రిని మగవాడని వాళ్లు వద్దన్నారు. ముగ్గురు తల్లులూ చనిపోయారు. అమెరికాకే తిరిగి వెళ్లిపోవాలనుకున్న అమ్మాయి వైద్యం చదివి వచ్చి, 1900లో వేలూరులో ఒక్క పడకతో మొదలుపెట్టింది. దారికి అడ్డొచ్చిన మొరే ఆమెకు పిలుపైంది.

నర్సు (తిరుపతి):
మాస్టారూ, మీ మాట సగమే ఒప్పుకుంటాను. వార్డులో ఏడుస్తున్న ఒక తల్లి చేయి పట్టుకుని కూర్చుంటే పక్క మంచం మీద సెలైన్ అయిపోతుంది. ఆ రోగి మీదా కనికరం ఉండాలి కదా. జబ్బుపడ్డ యాయీరు కూతురి దగ్గరికి వెళ్తూ, దారిలో రక్తస్రావం గల స్త్రీ కోసం యేసు ఆగాడు. ఆ ఆలస్యంలోనే ఆ కూతురు చనిపోయిందని కబురు వచ్చింది. సువార్త రాసిన మార్కు ఆ సంగతి దాచలేదు. అయినా యేసు యాయీరు ఇంటికి వెళ్లడం మానలేదు. తమ్ముడు అవ్వతో వెళ్లడం సరే, ఒక్క ఫోను చేయకపోవడమే నాకు మింగుడుపడటం లేదు.

ఇంకొకటి, అన్నా. యెరూషలేములో విధవరాండ్రకు భోజనం సరిగా అందనప్పుడు అపొస్తలులు వాక్యాన్నీ వదల్లేదు, విధవరాండ్రనూ వదల్లేదు. ఏడుగురిని ఏర్పాటు చేశారు. నలభై మంది పిల్లల్ని ఒక్కరి మీదే ఎందుకు పెట్టారు?

యువజన కార్యదర్శి:
ఆ ప్రశ్న నాకు గట్టిగా తగిలింది, అక్కా. ఫోను సంగతి అడిగితే, అవ్వ కొడుకుకు చేసి చేసి ఛార్జింగ్ అయిపోయిందన్నాడు. రేపటి నుంచి తరగతికి ఇద్దరం ఉంటాం, రెండో మనిషిని నేనే. కానీ ఆ రోజు ఒక చిన్నపాప గేటు దగ్గర నిలబడి, "అన్న ఇంకా రాలేదా?" అని మూడుసార్లు అడిగింది. ఆ పాపకు ఏం చెప్పాలో మాస్టారే చెప్పాలి.