వేడెక్కాక రివర్స్ పడట్లేదు: పాత లారీకి గేరుబాక్సు దించాల్సిందేనా?

ఘాట్‌రోడ్డు:
2008 మోడల్ ఆరు టైర్ల డీజిల్ లారీ. ఐదు గేర్లు, హైడ్రాలిక్ క్లచ్. పొద్దున గేర్లన్నీ మెత్తగా పడతాయి. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేసరికి ఫస్ట్ మొరాయిస్తుంది, రివర్స్ గర్రుమంటుంది. పెడల్ రెండు మూడు సార్లు గబగబా కొడితే పడుతుంది. లోడు మీద క్లచ్ జారడం లేదు, మాడు వాసన లేదు. క్లచ్ ఆయిల్ డబ్బాలో లెవెల్ కూడా తగ్గట్లేదు. గేరుబాక్సు దించి క్లచ్ సెట్ మార్చాలంటున్నారు షెడ్డులో. ఏమంటారు?

స్పానర్14:
ఇప్పుడే దించకండి. ప్లేటు అరిగితే క్లచ్ జారుతుంది: ఇంజిన్ మోత పెరుగుతుంది, బండి వేగం పెరగదు. మీది అందుకు తిరగబడ్డ జబ్బు, క్లచ్ పూర్తిగా విడట్లేదు. పెడల్ పంపులా కొడితే పడుతోందంటే తప్పు చాలావరకు బయట, ఆయిల్ లైన్లోనే ఉంటుంది.

బండి వేడిగా ఉన్నప్పుడే చూడండి. ఇంజిన్ ఆపి గేర్లన్నీ వేయండి. ఆపినప్పుడు సాఫీగా పడి, స్టార్ట్ చేశాక గర్రుమంటే గేరుబాక్సు తప్పు కాదు. తర్వాత ఒకరు పెడల్ నిండా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు కింద స్లేవ్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసేది) పుష్‌రాడ్, అంటే తోసే కడ్డీ, ఎంత కదిలిందో స్కేలుతో కొలవాలి. చల్లగా ఉన్నప్పుడు ఎంత, వేడి మీద ఎంత, రెండూ రాసుకోండి. పెడల్ వదలకుండా అర నిమిషం ఉంచి రాడ్ వెనక్కి జారుతోందేమో గమనించండి. స్లేవ్ మీది రబ్బరు బూటు ఎత్తి లోపల తడి ఉందేమో చూడటం మర్చిపోవద్దు.

ఘాట్‌రోడ్డు:
కొలిచాను. చల్లగా 14 మి.మీ., వేడి మీద 8. మూడు సార్లు కొడితే 13 దాకా వస్తోంది కానీ, తొక్కి పట్టుకుంటే 20 సెకన్లలో మెల్లగా వెనక్కి పోతోంది. స్లేవ్ బూటు లోపల పొడిగా ఉంది. ఇంజిన్ ఆపితే గేర్లన్నీ పడుతున్నాయి.

స్పానర్14:
ఇక అనుమానం మాస్టర్ సిలిండర్ మీదే, పెడల్ తొక్కితే ఆయిల్‌ని స్లేవ్‌కి తోసేది అదే. లోపలి రబ్బరు కప్పు అరిగి, ఆయిల్ దాని పక్కనుంచి తిరిగి డబ్బాలోకే పోతోంది. బయట చుక్క కారదు, అందుకే లెవెల్ తగ్గట్లేదు. వేడికి ఆయిల్ పల్చబడితే ఇంకా తేలిగ్గా జారుకుంటుంది. వరసగా కొట్టినప్పుడు, వెనక్కి పోయేలోపే ఇంకాస్త ఆయిల్ ముందుకు చేరి గేరు పడుతోంది.

సిలిండర్ విప్పి లోపల వేలు పెట్టి చూడండి. నున్నగా ఉంటే రబ్బరు కిట్టు చాలు. గీతలు, తుప్పు గుంటలు తగిలితే కిట్టు వేయడం దండగ, కొత్త కప్పును కూడా కోసేస్తాయి. సిలిండరే మార్చండి. కడగడానికి డీజిలు, కిరసనాయిలు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. ఈ లైన్లో పోసే బ్రేక్ ఆయిల్‌తోనే, అదీ కొత్తదానితోనే కడగాలి.

ఆయిల్‌చెయ్యి:
పై మాటతో ఏకీభవిస్తాను. కాకపోతే స్లేవ్‌కి వెళ్లే రబ్బరు గొట్టం కూడా ఒకసారి చూడండి. పెడల్ తొక్కినప్పుడు చేతికి ఉబ్బినట్టు తగిలితే మార్చేయండి. పెడల్ దగ్గరి పిన్ను, దాని రంధ్రం అరిగినా రాడ్ కదలిక తగ్గుతుంది, కానీ అది చల్లగా ఉన్నప్పుడూ కనబడాలి.

బిగించేటప్పుడు మాస్టర్ పుష్‌రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య సుమారు 1 మి.మీ. ఖాళీ ఉండాలి. గేరు పడాలని ఆ ఖాళీ లేకుండా బిగించేవాళ్లున్నారు. అలా చేస్తే ఆయిల్ డబ్బాలోకి తిరిగొచ్చే సన్న రంధ్రం మూసుకుపోతుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్ వెనక్కి రాలేక స్లేవ్‌ని తోస్తుంది, ఎవరూ తొక్కకుండానే క్లచ్ సగం విడి (హాఫ్ క్లచ్) ప్లేటు మాడుతుంది.

సిలిండర్ విప్పితే లైన్లో గాలి చేరుతుంది, అది తీయడం ఇలా: డబ్బా మూత మీద రాసిన బ్రేక్ ఆయిల్ గ్రేడు, డాట్ 3 గానీ డాట్ 4 గానీ, సీలు తీయని డబ్బాది అర లీటరు తెచ్చుకోండి. స్లేవ్ మీద గాలి వదిలే మరకి (నిపుల్) పారదర్శక గొట్టం తొడిగి, రెండో కొస కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. పెడల్ తొక్కి పట్టాక నిపుల్ అర చుట్టు వదులు చేసి, ఆయిల్ రాగానే బిగించండి. బిగించాకే పెడల్ వదలాలి. ఇక్కడ తొందరపడితే గాలి మళ్లీ లోపలికే పోతుంది. బుడగలు ఆగేదాకా ఇదే పని, మధ్యలో డబ్బా ఖాళీ కానివ్వొద్దు. రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ఘాట్‌రోడ్డు:
ఇదంతా చేశాక కూడా గర్రుమంటే?

స్పానర్14:
వేడి మీద మళ్లీ కొలవండి. 14 వచ్చి, పట్టుకున్నా జారకుండా నిలబడితే లైన్ బాగున్నట్టే. పెడల్ తొక్కాక పది సెకన్లు ఆగి రివర్స్ వేయండి, పాత బాక్సుల్లో చాలావాటికి రివర్స్‌కి సింక్రో, అంటే గేర్ల వేగం కలిపే ఏర్పాటు, ఉండదు. అప్పటికీ గర్రుమంటే గేరుబాక్సు దించాల్సిందే. దించాక ప్లేటు ఒంకరపోయిందా, షాఫ్టు మీది గాళ్ల (స్ప్లైన్ల) మీద సాఫీగా జరుగుతోందా, ఫ్లైవీల్ మధ్యలో షాఫ్టు కొస తిరిగే పైలట్ బేరింగ్ పట్టేసిందా, క్లచ్‌ని తోసే ఫోర్కు వంగిందా అని చూడాలి. బాక్సు ఎక్కించేటప్పుడు కింద జాకీ ఉంచండి. దాని బరువు క్షణం సేపు షాఫ్టు మీద వేలాడినా కొత్త ప్లేటు వంగొచ్చు, మళ్లీ ఇదే గర్రు మొదలు.