తోడి రాగంలో గాంధారాన్ని కంప్యూటర్‌కి ఎలా చెప్పాలి?

కడపలో ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్తాను, సాయంత్రాలు కర్ణాటక సంగీతం పాడతాను. నా పాటే రికార్డు చేసి, పైథాన్‌లో పిచ్ (గొంతు ఏ ఎత్తులో ఉందో) తీసి, రాగం గుర్తించే ప్రోగ్రాం రాస్తున్నా. మోహనం బాగానే వస్తోంది, ఐదు స్వరాలే కదా. తోడి దగ్గరే తంటా. అందులో గాంధారం ఒకచోట నిలబడదు, రిషభం, మధ్యమం మధ్య ఊగుతూనే ఉంటుంది. 12 స్వరస్థానాల గళ్లలో పెడితే గమకం (స్వరాన్ని ఊపుతూ పాడటం) ముక్కలైపోయి, నేను పాడని స్వరాలు పాడినట్టు చూపిస్తోంది. (మా గురువుగారు చూసి ఒకటే నవ్వు.) ఏ పిచ్ ఎంతసేపు వచ్చిందో సెంట్లలో (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో వందో వంతు ఒక సెంటు) హిస్టోగ్రాం గీస్తే గాంధారం దగ్గర శిఖరమే లేదు.

స్వరాలు వదిలేసి పిచ్ గీతలనే పోల్చాలా? దీనికి డైనమిక్ టైమ్ వార్పింగ్ (వేగం తేడా ఉన్న రెండు గీతలను సాగదీసి, కుదించి పోల్చే పద్ధతి) వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? తంబూరా లేకుండా మళ్లీ రికార్డు చేస్తే మేలా? పాడేవాళ్లు చెప్పినా సరే, కోడ్ రాసేవాళ్లు చెప్పినా సరే.