దివ్యాంగుల ఉపాధి శిక్షణ కేంద్రానికి మేనేజరు కావాలి: ఇంటర్వ్యూలో ఏం చూడాలి?

గోదారిగట్టు:
మా కేంద్రంలో 40 మంది ఉన్నారు. సగం మంది బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు, మిగతావాళ్లలో కొందరికి వినికిడి లేదు, కొందరికి కాళ్ల ఇబ్బంది. కుట్టు, పప్పుల ప్యాకింగ్, డేటా ఎంట్రీ నేర్పుతున్నాం. మేనేజరు పోస్టుకు స్పెషల్ ఎడ్యుకేషన్ చదివినవాళ్లూ, ఎంబీఏలూ దరఖాస్తు చేశారు. ఏం అడిగితే పనితనం బయటపడుతుంది?

పనిబల్ల:
ఒక పని ముందు పెట్టి విడగొట్టమనండి. కిలో కందిపప్పు ప్యాకింగ్ చాలు. కవరు మూతి విప్పాలి, పప్పు పోయాలి, తూకం చూడాలి, ఎక్కువ తక్కువలు సరిచేయాలి, సీలు వేయాలి, లేబుల్ అంటించాలి. వీటిలో ఎవరు ఎక్కడ ఆగిపోతారో, అక్కడ ఏం మారుస్తారో చెప్పించండి. అంకెలు చదవలేని వాళ్లకు డిజిటల్ కాటా పనికిరాదు. ఒకవైపు కిలో రాయి పెట్టిన తక్కెడ ఇస్తే సరిపోతుంది. కాలితో తొక్కే సీలరు కాళ్ల ఇబ్బంది ఉన్నవాళ్లకు కుదరదు, చేతి సీలరు కావాలి. దాని లైటు ఆరగానే పిడి ఎత్తేస్తే వేడి మీదున్న అతుకు విడిపోతుంది, ఒకట్రెండు సెకన్లు నొక్కి ఉంచాలని కూడా నేర్పాలి. వినికిడి లేనివాళ్లు బజరు మీద ఆధారపడకూడదు, లైటు ఉన్న మిషనే కొనాలి.

నేర్పే వరసా అడగండి. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లలో చాలామందికి చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పితే బాగా ఎక్కుతుంది: మొదట లేబుల్ మాత్రమే, తర్వాత సీలు, లేబుల్. ప్రతిసారీ పూర్తయిన ప్యాకెట్ చేతిలో కనిపిస్తుంది.

ఇది చెప్పలేని ఎంబీఏ కన్నా చెప్పగలిగిన కుట్టు టీచరు నయం.

సెక్షన్‌రాయుడు:
పైవారితో సగమే ఒప్పుకుంటాను. కంపెనీ హెచ్‌ఆర్ ముందు కూర్చున్నప్పుడు తక్కెడ పనికిరాదు, చట్టం రావాలి. చాలామంది తడబడేది ఇక్కడే: 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 4% రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగాలకు. ప్రైవేటు యజమానులకు 5% అన్నది ప్రోత్సాహకాలకు సంబంధించిన మాట, కోటా కాదు. కోటా అని బెదిరిస్తే మళ్లీ ఆ గేటు తెరవరు. అయితే 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానం ప్రకటించాలి, అందులో దివ్యాంగులకు తగిన పోస్టుల జాబితా ఉండాలి. ఆ జాబితా అడగడం నుంచే మాట మొదలుపెట్టాలి. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) నెల జీతం పరిమితి అందరికీ 21,000 అయితే దివ్యాంగులకు 25,000 అని కూడా తెలిసి ఉండాలి.

స్పెషల్ ఎడ్యుకేషన్ చదివిన అభ్యర్థి అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆ రంగం నిపుణులను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. సదరం సర్టిఫికెట్‌లో (వైకల్యం ఎంతో చెప్పే ప్రభుత్వ ధ్రువపత్రం) శాతం చదివి మనిషి పని సామర్థ్యం తేల్చేసే అభ్యర్థి మాత్రం వద్దనుకోండి. ఆ శాతం పథకాల కోసం, పని కోసం కాదు.

గోదారిగట్టు:
ఉద్యోగంలో పెట్టిన తర్వాత? పెట్టినవాళ్లలో సగం మంది మూడు నెలల్లో ఇంటికి వచ్చేస్తున్నారు.

పనిబల్ల:
అయితే జాబ్ కోచ్ (ఉద్యోగం చోటికి మీ తరఫున వెళ్లి పక్కనుండి పని అలవాటు చేసే మనిషి) సంగతి చూడండి. లక్ష్యం అందాలని కోచే ప్యాకెట్లు నింపుతుంటాడు, యజమానికి లెక్క బాగా కనిపిస్తుంది. కోచ్ తప్పుకున్న రోజు కుప్పకూలుతుంది. 10 ప్యాకెట్లకు ఎంతసేపు, అందులో ఎన్ని తప్పులు అన్నది కోచ్ చేయి పెట్టకుండా రాయించాలి. మొదటి వారం పక్కనే నిలబడాలి, తర్వాత దూరంగా, తర్వాత పూటకోసారి. అక్కడి సూపర్‌వైజరుకు పని అప్పగించకుండా కోచ్ రావడం ఆపకూడదు. సూపర్‌వైజరు మారినప్పుడు, షిఫ్టు మారి చివరి బస్సు అందనప్పుడు మళ్లీ వెళ్లాలి.

ఇంకోటి, ఇంట్లోవాళ్ల లెక్క. ఆంధ్రలో నెలకు 6,000 పింఛను వస్తోంది. జీతం వస్తే అది పోతుందని భయపడి మాన్పించేస్తారు. నియమాలు కనుక్కుని చేరకముందే కూర్చోబెట్టి చెప్పాలి. ఇంటర్వ్యూలో ఇదే అడగండి: "తల్లి వచ్చి రేపటి నుంచి పంపను అంటే, మొదట ఏం అడుగుతారు?"

సెక్షన్‌రాయుడు:
శిక్షణకు ఇచ్చే స్టైపెండు, తయారు చేసిన సరుకుకు ఇచ్చే కూలీ ఒకే ఖాతాలో కలిపే అలవాటు అభ్యర్థికి ఉందేమో కూడా చూడండి. ఆడిట్‌లో మొదట పట్టుబడేది అదే.