తాబేలు పిల్ల ఆడదో మగదో ఇసుక వేడి నిర్ణయిస్తుందా?

ప్రశ్న (బెసెంట్ నగర్, చెన్నై):
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, పదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాం. ఫిబ్రవరిలో ఒక రాత్రి మా అమ్మాయిని వెంటబెట్టుకుని, ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్ల కోసం సముద్రపు ఒడ్డున గస్తీ తిరిగే కార్యకర్తలతో నడిచాను. గుంతలోంచి నూరు గుడ్ల దాకా తీసిన ఒక కుర్రవాడు, వీటిలో ఏది ఆడదో ఏది మగదో ఇంకా తేలలేదనీ, ఇసుక వేడే తేలుస్తుందనీ చెప్పాడు. ఇది నిజమేనా? కోడిగుడ్డుకు కూడా ఇదే వర్తిస్తుందా అని అమ్మాయి రోజూ అడుగుతోంది.

జవాబు (వేళచ్చేరి):
నిజమేనండీ. మనుషుల్లో లింగాన్ని నిర్ణయించే ఎక్స్, వై క్రోమోజోముల వంటివి సముద్రపు తాబేళ్లలో లేవు. గుడ్లు పొదిగే నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో నడిమి భాగంలో ఇసుక ఎంత వెచ్చగా ఉందన్నదే ముఖ్యం. దాదాపు 29 డిగ్రీల దగ్గర రెండూ ఇంచుమించు సమానంగా పుడతాయి, అంతకు మించితే ఆడవి, తగ్గితే మగవి ఎక్కువవుతాయి. కోడి సంగతి వేరు. అక్కడ పెట్టతోనే నిర్ణయం జరిగిపోతుంది, ఎందుకంటే పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. పెట్ట నుంచి జెడ్ వస్తే పుంజు, డబ్ల్యూ వస్తే పెట్ట. పొదిగే వేడిని మార్చినా పుంజు పెట్ట కాదు.

జవాబు (తిరువాన్మియూర్):
మగ్గర్ మొసలి మరీ విచిత్రం. 31 డిగ్రీలలోపు ఆడవే పుడతాయి, 32.5 దగ్గర మగవి పుడతాయి, ఇంకా పెరిగితే మళ్లీ ఆడవి కనిపిస్తాయి. ఈ సంగతి తేల్చిన పరిశోధన మన ఈస్ట్ కోస్ట్ రోడ్డులో మొసళ్లను పెంచి కాపాడే మద్రాస్ క్రొకడైల్ బ్యాంకులో జరిగి 1989లో అచ్చయింది. అమ్మాయిని అక్కడికి తప్పక తీసుకెళ్లండి.

జవాబు (అడయార్):
ఇది వింత కబురుగానే మిగిలిపోకూడదని నా కోరిక. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర భాగపు పచ్చ తాబేళ్ల పిల్లల్లో తొంభై తొమ్మిది శాతానికి పైగా ఆడవేనని 2018లో వెలువడిన పరిశోధన చూపింది. ఇసుక వేడెక్కుతున్న కొద్దీ మగవి తగ్గిపోతాయి. అందుకే సంరక్షణ చేసేవారు గుడ్లు పాతిన చోట నీడ పరుస్తారు. ఇంకో మాట, మీరు కూడా గస్తీకి మళ్లీ వెళ్తే గుర్తుంచుకోండి. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుపోతుంది కాబట్టి, ఆ తర్వాత గుడ్డును తిప్పితే చచ్చిపోతుంది. అమ్మాయి చేతికి గుడ్డు ఇస్తే ఏ వైపు పైకి ఉందో ఆ వైపే ఉంచి పట్టుకోమనండి.