‘నీ బాంచెన్’ గారాబం మాటా, బానిస మాటా?

మానేరు: మొన్న హన్మకొండ బస్టాండ్ల ఒక ముసలమ్మ కండక్టర్‌ను "నీ బాంచెన్ బిడ్డా, జర ఆపు" అని బతిమాలింది. పానం కలుక్కుమన్నది. బాంచ అంటే దాసి. "బాంచెన్ దొరా, నీ కాల్మొక్త" అని గడీల ముందట వంగి అన్న మాట అది. 1946ల కడవెండిల దొడ్డి కొమురయ్య పానమిచ్చింది ఈ వంగుడు పోవాలనే గదా. ఇంకెన్నేండ్లు మోస్తం?

తోరణం: మాట పుట్టుక వేరు, వాడకం వేరు. యూరప్‌ల స్లావ్ అనేది ఒక జాతి పేరు. వాళ్లను పట్టి అమ్మీ అమ్మీ ఆ పేరే ‘స్లేవ్’ అయింది. అయినా వాళ్లు పేరు మార్చుకోలే. వేదంల ‘దాస’ మొదలు శత్రువుల పేరు, తర్వాత సేవకుడయిండు. ఇప్పుడు రామదాసు అని పెట్టుకుంటలేమా? మా నాయనమ్మ మమ్ముల ముద్దుచేసుకుంట "నీ బాంచెన్" అనేది.

చెరువుకట్ట: అదే ఋగ్వేదంల దివోదాసు అనే రాజున్నడు. శత్రువు పేరు రాజు పెట్టుకుంటడా?

తోరణం: ఒక్క మాటకు రెండర్థాలు ఉండొద్దా?

మానేరు: రామదాసు దేవునికి దాసుడు, దొరకు కాదు.

పాలకుర్తి_పిల్ల: ‘జీతం’ చూడుండ్రి. ‘జీవితం’ నుంచి వచ్చింది. మన దిక్కు జీతముండుడంటే ఏడాది పొడుగూత ఎడ్లకాడ చాకిరి. ఇప్పుడు హైదరాబాదుల ఆఫీసోళ్లదీ జీతమే.

చెరువుకట్ట: దివోదాసు సంగతి తేల్చుండ్రి ముందు.

మానేరు: దివోదాసును పక్కకు పెట్టు అన్నా. మా తాత అప్పు కింద పన్నెండేండ్లకే జీతమున్నడు. కోడికూతకు లేచి పెండ ఎత్తాలె, కుడితి పెట్టాలె. గడప బయట సత్తుగిన్నెల గట్క పోసెటోళ్లు, ఆ గిన్నె ఆయనే కడిగి చూరుల చెక్కాలె. 1976ల వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చేనాటికి నడుము వంగిపోయింది. తోరణం, మీ నాయనమ్మ ఆ మాట మనుమలతోని అన్నది. మా తాత ఎవలతోని అన్నడు?

తోరణం: మాది పటేల్ ఇల్లే, దాచను. అయితే మా నాయనమ్మ ముద్దు కూడా తప్పేనా?

మానేరు: తప్పంటలే. అది గారాబమో కాదో మీ ఇంటికాడ నిలబడి చెప్పద్దంటున్న. కాళ్లు మొక్కినోళ్లను అడుగుండ్రి.

తోరణం: బస్టాండ్ల ముసలమ్మను నువ్వు అడిగినవా మరి?

మానేరు: అడగలే.

ఏనుమాముల: మా అవ్వకు ఎనభై దాటినయ్. పింఛన్ తెచ్చుకునేటప్పుడల్ల ఆ పిలగానితోని "నీ బాంచెన్ సారూ" అంటది. పక్కన నిలబడి "సారూ అను, చాలు" అని చెప్త. "ఉత్త సారు అంటే ఇయ్యకపాయె బిడ్డా" అంటది.