డిజైన్ క్లాసులో పిల్లల ధ్యాస పని మీద ఎలా నిలపాలి?

నేను 7వ తరగతికి డిజైన్ అండ్ టెక్నాలజీ చెప్తాను. అట్టతో చిన్న వంతెన కట్టమంటే మొదటి 10 నిమిషాలు బాగానే ఉంటారు, తర్వాత గ్లూ గన్ దగ్గర క్యూ కట్టి కబుర్లు మొదలు. ఒకమ్మాయి మూడు క్లాసులుగా స్కెచ్ చెరిపి గీస్తూనే ఉంది, కాగితం చిరిగేదాకా వచ్చింది, పక్కనే ఇంకొకడు కొలవకుండానే కత్తిరించేసి "అయిపోయింది మేడం" అంటాడు. స్కెచ్ చూపిస్తేనే కత్తెర ఇస్తానన్నాను, ఇప్పుడు నా టేబుల్ దగ్గరే గుంపు. అరవడం నాకిష్టం లేదు, చేత్తో చేసే పనంటే వాళ్ళకున్న ఉత్సాహం పోతుందేమోనని టెన్షన్. వారాల తరబడి సాగే ప్రాజెక్టును ఏ రోజుకారోజు పనిగా ఎలా విడగొడతారు? ముందే ముగించినవాళ్ళకి ఏమిస్తారు? ఇలాంటి క్లాసు నడిపినవాళ్ళు కాస్త చెప్పండి.