"ఏమి సెప్పుదుం గురునాథా": తిక్కన ఎక్కడ తడబడ్డాడు?

తిక్కన, కుమ్మరి గురునాథుడి కథ నెల్లూరు జిల్లాలో తెలియనివాళ్లు తక్కువ. భారతం ఆశువుగా చెబుతూ పోవాలి, మధ్యలో ఆగకూడదు అని కవిగారి పంతం. గురునాథుడు గంటంతో తాటాకు మీద రాస్తూ పోవాలి. సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధం సంగతులు చెప్పే చోట ఒక పద్యం చివర తిక్కనకు మాట అందలేదు. "ఏమి సెప్పుదుం గురునాథా" అని లేఖకుడి వైపు తిరిగాడట. ఆయన దాన్నీ రాసేశాడు, పద్యం పూర్తయిపోయింది.

నేను కాలేజీలో సైకాలజీ చెబుతాను, కాబట్టి నా సందేహం వేరు. ఆ క్షణాన తిక్కనకు తప్పిపోయింది ఏది? భారత కథ కాదు, అది ఆయనకు కొట్టినపిండి. మాటలూ, పద్యాల నడకా ఏళ్ల తరబడి స్థిరపడినవే. ఇవన్నీ దీర్ఘకాలిక జ్ఞాపకం. అప్పటికప్పుడు తలలో పట్టుకోవాల్సినవి వేరే ఉన్నాయి: అప్పటికే చెప్పిన పాదాలు, వాటి ప్రాస, మిగిలిన గణాలు, చెప్పబోయే ముక్క. ఇది స్వల్పకాలిక జ్ఞాపకం, ఇక్కడ చోటు చాలా తక్కువ. 1956లో జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్టు ఇందులో ఏడు అంశాలు పడతాయి, అటూ ఇటూ రెండు అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ దాన్ని నాలుగు దగ్గరికి దించాడు. తిక్కన తడబడింది ఇక్కడే అని నా ఊహ. మీరేమంటారు?

ఒంగోలు మేష్టారు: ముందు సంధి తేల్చుకుందాం. "చెప్పుదున్" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీద "కురునాథా" చేరితే క కాస్తా గ అవుతుంది, నకారం సున్న అవుతుంది. ధృతరాష్ట్రుడు కురునాథుడు కాబట్టి సంజయుడి నోట ఆ పిలుపు సహజం. పద్యంలో తడబాటేమీ లేదు. ఆ సంధి వినబడే తీరు చూసి ఎవరో ముచ్చటపడి కట్టిన కథ ఇది. అయినా మీ ప్రశ్న బాగుంది, కథను కథగానే తీసుకుని మాట్లాడండి.

కావలి కుర్రాడు: సార్, ఓటీపీ కొట్టగానే మర్చిపోతాం, ఇంటర్‌లో బట్టీ పట్టిన సూత్రం ఇప్పటికీ వస్తుంది. నిజమే. కానీ ఒకటి తాజాది, ఒకటి పాతది, అంతే కదా? ఉన్న ఒక్క జ్ఞాపకాన్నీ రెండుగా కోయడం ఎందుకు?

తమ్ముడూ, మంచి మెలిక పెట్టావు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి మెదడు ఆపరేషన్ చేసి, రెండు వైపులా హిప్పోక్యాంపస్ (కొత్త జ్ఞాపకాలు నిలవడానికి కావలసిన మెదడు భాగం) చాలా వరకు తీసేశారు. చిన్ననాటి సంగతులు మిగిలాయి, కొత్తవి నిలవడం ఆగిపోయింది. ఒకసారి 584 అనే అంకె ఇచ్చి గుర్తుంచుకోమన్నారు. అంకెల్ని కూడుకుంటూ, తనలో తాను అనుకుంటూ పావుగంట పట్టుకున్నాడు. ధ్యాస మళ్లాక అంకె పోయింది, అంకె ఇచ్చిన సంగతే పోయింది. అంటే కాసేపు పట్టుకునే శక్తి బాగానే ఉంది, దాన్ని లోపల దాచే దారి తెగింది. అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం మాత్రం రోజురోజుకీ మెరుగుపడింది, ముందు గీసినట్టు తనకు తెలియకుండానే. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు ఇవన్నీ దగ్గరుండి పరీక్షించింది.

దీనికి తిరగబడ్డ కేసూ ఉంది. 1970లో షాలిస్, వారింగ్టన్ ప్రకటించిన రోగికి చెవిన పడిన అంకెలు రెండు దాటితే కష్టం. కానీ కొత్త విషయాలు నేర్చుకోవడంలో, చాలాకాలం గుర్తుంచుకోవడంలో లోటు లేదు. తాజా, పాత తేడా ఒక్కటే అయితే ఇది కుదరదు. అప్పుడే విన్నది నిలవకపోతే పాతబడేదెట్టా?

ఆత్మకూరు అక్క: అయితే అవధానుల సంగతి చెప్పండి. నేను చూసిన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన సినిమాలూ, వంకాయ కూరా ఎత్తి ఆ మనిషిని కుదురుగా ఉండనివ్వలేదు. చివర ధారణలో మాత్రం పద్యాలన్నీ ఒక్క అక్షరం పోకుండా వచ్చేశాయి. మా పిల్లకాయలు పక్క గది నుంచి ఈ గదికి వచ్చేలోపే చెప్పింది మర్చిపోతారు.

అక్కా, అప్రస్తుత ప్రసంగం లాంటి పనే 1959లో పీటర్సన్ దంపతులు ప్రయోగంలో పెట్టారు. మూడు హల్లులు చెప్పి, వెంటనే ఒక పెద్ద అంకె నుంచి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లకి ఆ హల్లులు దాదాపు చెరిగిపోయాయి. మనసులో తిప్పుకునే వీలు లేకపోతే అంతే.

అవధాని నిలబడ్డాడంటే పద్యం ఆ చిన్న చోటులో లేదన్నమాట. పాతగా కుదిరిపోయిన ఛందస్సు మీద కొత్త మాటల్ని అక్కడికక్కడే తగిలిస్తాడు. కందంలో మొదటి పాదం రెండో అక్షరం తేలితే చాలు, మిగతా మూడు పాదాల ప్రాసా తేలినట్టే. వృత్తమైతే ప్రతి గురు లఘువుకీ చోటు ముందే ఖాయం. 1980లో ఎరిక్సన్ పరిశోధక బృందం ఒక విద్యార్థి గురించి రాసింది. అతను మామూలుగా ఏడు అంకెలు విని తిరిగి చెప్పగలిగేవాడు. సాధన చేసి 79 దాకా వెళ్లాడు. అతను పరుగు పందేల మనిషి, అంకెల్ని పందెం టైములుగా గుదిగుచ్చేవాడు. అంకెలకు బదులు అక్షరాలిస్తే మళ్లీ ఆరు దగ్గరికి దిగాడు. చిన్న చోటు పెరగలేదు, పెద్ద గిడ్డంగికి దారి దగ్గరైంది.

కావలి కుర్రాడు: అట్టయితే తిక్కన ధారణ కూడా చేయనక్కర్లేదు కదా సార్? పక్కన రాసేవాడున్నాడు.

అవును, అందుకే ఆయన పని ఒక రకంగా సులువు. అయిపోయిన పాదం తాటాకు మీదికి దిగుతుంది, తలలో చోటు ఖాళీ అవుతుంది. ఆ ఒక్క పాదం దగ్గర మాత్రం చోటు నిండిపోయి ఉండాలి.

ఒంగోలు మేష్టారు: నిండింది సరే, ఆ పిలుపు పద్యంలో ఇమిడిందని ముందు పసిగట్టింది ఎవరు? ఉన్నదున్నట్టు రాయాలనే నియమం కొద్దీ గురునాథుడు దించేశాడా, లేక గణాలు సరిపోయాయని అప్పటికే గ్రహించి దించాడా? "కురునాథా" అన్నా "గురునాథా" అన్నా తాటాకు మీద పడే అక్షరాలు అవే. రాసిన ప్రతి చూసి ఇది తేల్చలేం.